మగ అని నొక్కితే 22, ఆడ అని నొక్కితే 30. ఈ తూకం మిషన్‌ని నమ్మాల్నా వద్దా?

వడ్డేపల్లి_కట్ట
నేను ట్రాన్స్ అమ్మాయిని, ఆడ హార్మోన్లు మొదలువెట్టి ఎనిమిది నెల్లయింది. పోయిన నెల జీతం వడంగనే ఆన్‌లైన్ల స్మార్ట్ తూకం మిషన్ ఒకటి కొన్న, గ్లాసుది, పాదాలు పెట్టేకాడ నాలుగు స్టీలు బిళ్లలుంటయ్ గదా అది. యాప్‌ల పేరు, వయసు, ఎత్తు అడిగింది, ఆఖరికి మగనా ఆడనా అని అడిగింది. పాత అలవాటో ఏమో చెయ్యి దానంతట అదే మగ మీదికి పోయింది. బరువు 68.2, కొవ్వు 22.4 శాతం. అరే అనుకొని సెట్టింగులకు పోయి ఆడ అని మార్చి, దిగి మళ్ల ఎక్కిన. రెండు నిమిషాలు గూడ కాలే, నడుమ గుక్కెడు నీళ్లు గూడ తాగలే. బరువు గదే 68.2. కొవ్వు 30.1! కండ అయిదు కిలోలు మాయం!

దీనికి తోడు రక్తం పరీక్షల లొల్లి. హిమోగ్లోబిన్ 12.7 వచ్చింది, పక్కన ఎర్రగ లావుగ ఎల్ (లో, అంటే తక్కువ) అని అచ్చు కొట్టిన్రు. బిల్లు మీద మేల్ అని ఉన్నది, నా ఆధార్ ఇంక మారలే. గల్లీల డాక్టరు గా ఎర్ర అక్షరం చూసి రక్తం తక్కువున్నదని ఐరన్ గోలీలు రాసిండు. నెల సంది మింగుతున్న, కడుపు రాయి లెక్క అయింది, ఇంకేం మార్పు లేదు.

జిమ్‌ల ట్రైనర్ ఏమో "బ్రో నీ కండ పోతున్నది, బెంచ్ ప్రెస్ 50 కిలోల నుంచి 35కు దిగినవ్, ప్రోటీన్ డబ్బా కొను" అంటడు. బరువు నాలుగు కిలోలు పెరిగింది, బలం తగ్గింది, కొవ్వు ఎంతో తెల్వదు, రక్తం ఉన్నదో లేదో తెల్వదు. ఏ బటన్ నొక్కాలె, ఏ కాగితం నమ్మాలె, జర ఎవరన్న చెప్పున్రి.

కాజీపేట_జంక్షన్
ఎనిమిది నెలలకే గ్లాసు మిషనా, మస్తున్నవ్ చెల్లె. నేను మూడేండ్ల సంది మా కిరాణం షాపు కాంట మీద నిలబడుతున్న. బియ్యం బస్తాకు నాకు ఒకటే ఫార్ములా.

ల్యాబ్_అన్న
కరీంనగర్‌ల ల్యాబ్‌ల చేస్త, పన్నెండేండ్లయింది, గీ ఎర్ర ఎల్ సంగతి నేను చెప్త. ముందు నీ మిషన్ సంగతి.

ఆ స్టీలు బిళ్లల నుంచి నీకు తెల్వకుండనే చిన్న కరెంటు ఒక కాలు నుంచి ఎక్కి ఇంకో కాలు నుంచి దిగుతది. కండల నీళ్లు ఎక్కువ గాబట్టి అండ్లకెంచి సులువుగ పోతది, కొవ్వు అడ్డం వడుతది. మిషన్ కొలిచేది గా అడ్డు ఒక్కటే. కొవ్వు శాతం, కండ, బొక్కల బరువు, "శరీరం వయసు" అని చూపెట్టేటియన్ని లోపల కట్టిన లెక్కలు. ఆ లెక్కల ఎత్తు, వయసు, బరువు, ఆడనా మగనా అన్నీ వడుతయ్. నువ్వు బటన్ మార్చినవ్, లెక్క మారింది, నీ ఒళ్లు మారలే. ఇంకో ముచ్చట, కాలు నుంచి కాలుకే పోయే కరెంటు నీ పొట్ట దాక సరిగ్గ రాదు. పొట్ట కొవ్వు చాన వరకు అందాజ.

ఇగ ఎర్ర ఎల్. కంప్యూటర్ల మగోళ్లకు హిమోగ్లోబిన్ 13 నుంచి 17 అని, ఆడోళ్లకు 12 నుంచి 15 అని పెట్టుంటది (ల్యాబ్‌కో తీరు జర అటు ఇటు). మేల్ అని కొట్టంగనే 12.7 తక్కువలకు పోయి ఎర్రగైతది, మనిషి ఎవరూ చూసి పెట్టరు అది. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) రక్తకణాలను ఎక్కువ పుట్టిస్తది, అది తగ్గితే హిమోగ్లోబిన్ మూడు నాలుగు నెలలల్లనే ఆడోళ్ల లెక్కకు దిగుతది. నీకు ఎనిమిది నెల్లయింది. 12.7 అంటే ఆడోళ్ల లెక్కల బరాబర్ ఉన్నట్టే.

మా సాఫ్ట్‌వేర్‌ల మూడోది "అదర్" అని గూడ ఉన్నది. అది కొడితే ఏమైతదో ఎరుకేనా? నార్మల్ రేంజ్ అనే కాలమ్ ఖాళీగ వస్తది. పేషెంట్ "ఇది మంచిగున్నదా లేదా అన్నా" అని అడుగుతడు, కాగితం ఏం చెప్పది.

వడ్డేపల్లి_కట్ట
@ల్యాబ్_అన్న అంటే నేను నెల రోజులు ఉత్త పుణ్యానికి ఐరన్ మింగిన్నా?!

నైట్_డ్యూటీ
స్టాఫ్ నర్సుని, వరంగల్. ఉత్త పుణ్యానికేనా కాదా అనేది ఫెర్రిటిన్ పరీక్ష చేస్తే తెలుస్తది. అది ఒంట్ల దాచుకున్న ఐరన్ ఎంతుందో చెప్తది. తక్కువుంటే గోలీలు అవసరమే, మంచిగుంటే ఆపమనే చెప్తరు. నీ అంతట నువ్వు ఆపకు, పోయి అడుగు. కాని అడిగేటప్పుడు "నేను ఈస్ట్రడయాల్ (ఆడ హార్మోన్) మీద ఉన్న, ఇన్ని నెల్లయింది" అని ముందు చెప్పు. గల్లీ డాక్టరుకు నువ్వు హార్మోన్ల సంగతి చెప్పినవా లేదా? చెప్పలేదనే నా అనుమానం.

వడ్డేపల్లి_కట్ట
చెప్పలే. మా నాయిన దోస్తు ఆయన.

నైట్_డ్యూటీ
అనుకున్న.

జొన్నరొట్టె_జయ
ఇవన్ని ఇడ్శిపెట్టి ఆ మిషన్‌ని కిటికీల కెంచి పారెయ్. నేను అయిదేండ్ల సంది హార్మోన్ల మీద ఉన్న, ఒక్క రోజు గూడ శాతం చూసుకోలే. అద్దం ఉన్నది, పాత జాకెట్ ఉన్నది, చాలు.

కాజీపేట_జంక్షన్
@జొన్నరొట్టె_జయ అక్కా, అద్దం అన్నిటికి పనికిరాదు, నా కథ విను. నేను నీకు ఉల్టా తొవ్వల వచ్చినోన్ని, ట్రాన్స్ మగోన్ని, టీ (టెస్టోస్టిరాన్) ఇంజక్షన్లు. ఏడాది నాటికి అద్దంల మస్తుగ కనవడ్డ, భుజాలు వచ్చినయ్, గొంతు మారింది, డేట్ రావుడు నాలుగో నెలకే ఆగింది. నెత్తి బరువుగ ఉండేది, ముఖం ఎర్రగుండేది, ఎండ అనుకున్న. రామగుండం పక్కన పని నాది, ఎండకు ఏం తక్కువ. ఒకరోజు మామూలుగ రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 17.6, హిమాటోక్రిట్ (రక్తంల ఎర్రకణాల శాతం) 53.1. నా బిల్లు మీద ఫిమేల్ అని ఉండె, రెండింటి పక్కన హెచ్ హెచ్ (హై, అంటే ఎక్కువ) అని వచ్చింది. నేను గూడ ల్యాబ్_అన్న చెప్పినట్టే "ఇది ఆడోళ్ల లెక్క, మగోళ్ల లెక్కల చూస్తే మంచిగనే ఉంటది" అనుకొని కాగితం మడిచి జేబుల పెట్టుకున్న. మంచిగ లేదు. మగోళ్ల లెక్కల గూడ హిమాటోక్రిట్ 50 దాటితే ఎక్కువే, 54కు పోతే డాక్టర్లు ఊకోరు, రక్తం చిక్కవడి గడ్డ కడుతదని. హైదరాబాద్‌ల ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ చూసి ముందు సిగరెట్ బంద్ చేయమన్నడు, తర్వాత ఇంజక్షన్ లెక్క మార్చిండు, ఒకేసారి పెద్దది గాకుండ చిన్నగ తక్కువ రోజులకొకటి. నాలుగు నెలలల్ల 48కి దిగింది.

అంటే తప్పు లెక్క తోని భయపడుడు ఒక తప్పు. తప్పు లెక్కనే గదా అని అసలు భయాన్ని గూడ కొట్టిపారేసుడు ఇంకో తప్పు. నేను రెండోది చేసిన.

ల్యాబ్_అన్న
@కాజీపేట_జంక్షన్ ఇది మంచి మాట. ఇంకొకటి అడుగుత, టీ పరీక్షకు రక్తం ఎప్పుడు ఇచ్చినవ్? చానమంది సూది ఏసుకున్న తెల్లారే వస్తరు, 1300, 1400 అని వచ్చి పరేషాన్ అయితరు. రెండు వారాల సూది అయితే రెండు సూదుల నట్టనడుమ ఇయ్యాలె.

కాజీపేట_జంక్షన్
మొదటిసారి తెల్లారే ఇచ్చిన అన్నా 😅 1420. మా దోస్తులందరికి స్క్రీన్‌షాట్ గూడ పంపిన, పదోతరగతి ర్యాంకు లెక్క.

డబల్_సొరకాయ
ఫ్లెక్సీ కొట్టించకపోయినవా హన్మకొండ చౌరస్తల

మేడారం_బెల్లం
ఆడనా మగనా అడగని కాంట ఒక్కటే ఉన్నది రాష్ట్రంల. 2024 ఫిబ్రవరిల జాతరకు పోయినప్పుడు మా అమ్మ మొక్కు తీర్చుదామని నన్ను కాంట మీద కూసోపెట్టింది, అటు పక్క తట్టల బంగారం (బయటి జిల్లాలోళ్లకు: బెల్లమే, మేము గద్దెల కాడ బంగారం అంటం). అప్పటికే నేను చీర కట్టుకున్న, అమ్మ మొక్కిందేమో కొడుకు పేరు మీద. దుకాణపాయన ఏం అడగలే, 61 కిలోలు అన్నడు, పైసలు అడిగిండు. సమ్మక్క తల్లికి కొవ్వు శాతం అక్కర్లేదు.

వడ్డేపల్లి_కట్ట
@మేడారం_బెల్లం అక్కా నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు వచ్చినయ్. అమ్మ ఇప్పుడు ఏమంటది?

మేడారం_బెల్లం
ఇప్పుడు బిడ్డ పేరు మీద ఇంకో మొక్కు బాకీ ఉన్నదట. ఇప్పుడు 66 ఉన్న. బెల్లం ధర చూసి బరువు తగ్గమంటున్నది.

లెక్కల_మాస్టర్
బటన్ సంగతి ఇంకా ఎవరూ తేల్చలే. నా మాట, ఏదో ఒకటి నొక్కు, మళ్ల జన్మల మార్చకు. ఆడ పెట్టుకుంటే ఆడనే. 30.1 అనేది నిజమా అబద్ధమా అని చూడకు, మూడు నెలలకు 31 అయిందా 29 అయిందా అది చూడు. తప్పు గడియారం అయినా రోజూ గంతే తప్పు చూపెడితే బస్సు దొరుకుతది.

జొన్నరొట్టె_జయ
@లెక్కల_మాస్టర్ గా మాట కరెక్ట్ కాదు. ఈమె ఒంట్ల నీళ్లే మారుతున్నయ్, గోలీలు మారుతున్నయ్, గడియారం రోజూ గంతే తప్పు ఎట్ల చూపెడుతది? రాత్రి బిర్యానీ తింటే పొద్దున రెండు శాతం మారుతది.

లెక్కల_మాస్టర్
అందుకే రోజూ చూడకు అంటున్న. ఆదివారం పొద్దున, పాయిఖానకు పోయొచ్చినంక, ఏం తాగకముందు, గదే బండ మీద. వారానికొకటి. నాలుగు వారాలది కలిపి నాలుగుతోని భాగించు.

జొన్నరొట్టె_జయ
నేను ఎందుకు వద్దంటున్ననో చెప్పనా. మొదటి ఏడాది నేను రోజుకు నాలుగుసార్లు ఎక్కేదాన్ని. బరువు పెరిగితే "ఇది పొట్టకు పోయిందా పిరుదులకు పోయిందా" అని గుబులు. ఎవరో అన్నరు, ముందు సన్నగై మళ్ల బరువు పెరిగితే కొవ్వంత ఆడోళ్ల లెక్కనే కూసుంటదని. నమ్మిన. మూడు నెలలు ఒక్కపూట తిన్న, జొన్నరొట్టె సగం, మజ్జిగ. 54కు వచ్చిన. బతుకమ్మ ఆడుతుంటే వేయిస్తంభాల గుడి కాడ కండ్లు తిరిగి పడ్డ, చేతిల బతుకమ్మ గూడ చెదిరిపోయింది, తంగేడు పూలు నా మీదనే. మా వదిన ఏరి నెత్తికి నీళ్లు కొట్టింది. గప్పటి సంది మిషన్ నాకు వద్దు. పేరు పెట్టుకున్న గాని ఇప్పుడు రొట్టెలు మూడు తింట.

వడ్డేపల్లి_కట్ట
సారీ అక్కా. కిటికీ మాట నేను నవ్వులాటకు తీసుకున్న.

నైట్_డ్యూటీ
జయ చెప్పింది గుర్తువెట్టుకోండ్రి, ఇసొంటియి మా వార్డుకు వస్తయ్. ఆకలికి ఉంటే కండ గూడ పోతది, బొక్కల బలం గూడ పోతది.

కొవ్వు జాగా మారుడు తొందరగ కాదు. హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017 గైడ్‌లైన్ల ఉన్నది, ఈస్ట్రోజెన్ వాడేటోళ్లకు కొవ్వు సర్దుకునుడు మూడు నుంచి ఆరు నెలలకు షురూ అయితది, పూర్తిగ అయ్యేసరికి రెండు మూడేండ్లు, ఇంకా ఎక్కువ గూడ. కండ తగ్గుడు గూడ మూడు ఆరు నెలలకే షురూ, ఏడాది రెండేండ్ల దాక. నువ్వు ఎనిమిదో నెలల ఉన్నవ్, బెంచ్ 35కు దిగుడు వింత కాదు. ట్రైనర్‌కు డబ్బా అమ్ముడువోవుడు ముఖ్యం. బరువులు ఎత్తుడు మాత్రం ఆపకు, తక్కువైనా ఎత్తు, బొక్కలకు అది కావాలె. పప్పు, గుడ్లు, పెరుగు రోజూ ఉంటే డబ్బా అక్కర్లే.

డబల్_సొరకాయ
ట్రైనర్ బ్రో అంటడు అన్నది ఎవరూ పట్టించుకోలే. ముందు జిమ్ మార్చు.

వడ్డేపల్లి_కట్ట
హన్మకొండల ఆడోళ్ల టైమింగు వేరే ఉన్న జిమ్ చూసిన, ఆధార్ అడిగిన్రు. అందుకే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తున్న ఇప్పుడు. పొద్దున అయిదున్నరకు. ఎవరూ ఏం అడుగరు, కుక్కలు తప్ప.

లెక్కల_మాస్టర్
నడుము కొలు, అది మిషన్ కంటె మేలు. మన దేశపోళ్లకు మగోళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటొద్దంటరు.

కాజీపేట_జంక్షన్
మళ్ల అక్కడికే వచ్చినవ్ మాస్టరూ 🤣 ఆడ 80, మగ 90. నేను 85 ఉన్న, నేను బతుకుతనా సస్తనా?

లెక్కల_మాస్టర్
ఓడిపోయిన. సరే, ఎత్తుల సగం చూడున్రి. నడుము ఎత్తుల సగం కంటె తక్కువుండాలె, ఆడ మగ తేడా లేదు. దారం తోని గూడ చూడొచ్చు, నీ ఎత్తంత దారం కోసి, మధ్యల మడిచి నడుముకు చుట్టు, అందితే మంచిది. షుగర్, బీపీ, గుండె సంగతి అన్నింటికి పొట్ట లెక్కనే పనికొస్తది.

వడ్డేపల్లి_కట్ట
168 ఎత్తు. నడుము ఇప్పుడే కొలిచిన. 84. సరిగ్గ సగం 😭 దారం అందింది గాని ముడి వడలే.

మంచిర్యాల_అవ్వ
మీ ముచ్చట్లన్ని చదివిన, నా చెయ్యి వడ్కుతది, మా చేలా (శిష్యురాలు) టైప్ చేస్తున్నది నేను చెప్తుంటె. నాకు 52 ఏండ్లు. నాకు నిర్వాణం (మగ అంగం తీసేసే ఆపరేషన్) అయింది 1998ల. అప్పుడు ఆడ హార్మోన్లు అనే ముచ్చట మా ఇంట్ల ఎవరికి తెల్వది. గురువు చెప్పింది, మా దేవత బుచ్చెర మాత దయ అనుకున్నం, పత్తెం చేసినం, బతికినం, గదే మస్తు. ఆ తర్వాత ఇరవై ఏండ్ల మీద ఏం గోలీలు ఏసుకోలే. ఒంట్ల మగ హార్మోన్ పోయింది, ఆడ హార్మోన్ రాలే. రెండు లేకుంటే ఏమైతదో చెప్పినోళ్లు లేకుండె.

మూడేండ్ల కింద బాత్రూంల బండ మీద కాలు జారింది. పెద్దగ పడలే, చెయ్యి ఆనిచ్చిన, మణికట్టు టక్కుమని ఇరిగింది. చాక్‌పీసు ఇరిగినట్టు. సర్కారు దవాఖాన డాక్టరమ్మ చిన్న పిల్ల, ఆమె అడిగింది, "అమ్మా మీకు ఆపరేషన్ ఎప్పుడయింది, హార్మోన్లు వాడుతున్నరా" అని. నా బతుకుల నన్ను గట్ల అడిగిన మొదటి డాక్టర్ ఆమెనే. బొక్కల పరీక్ష రాసింది, డెక్సా అంటరు, హైదరాబాద్ పోయి తీయించిన. మైనస్ 2.9 వచ్చింది. మైనస్ 2.5 కంటె కిందికి పోతే బొక్కలు గుల్లవడ్డట్టట. విటమిన్ డి 9 ఉన్నది. పొద్దుందాక ఎండల తిరిగే దానికి డి తక్కువ ఎందుకమ్మా అంటె నవ్వింది, "మొత్తం కప్పుకొని తిరుగుతరు గదా" అన్నది.

ఇప్పుడు క్యాల్షియం, డి, బొక్కల మందు, చర్మం మీద రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్. నా వయసుకు గోలీ కంటె జెల్ మేలట, రక్తం గడ్డకట్టే భయం తక్కువట.

మీకు కొవ్వు శాతం లొల్లి. బిడ్డా, బరువు నాకు ముప్పయ్యేండ్లు 58 మీదనే ఉన్నది, ఒక్క కిలో అటు ఇటు కాలే. లోపల బొక్కలు పోతుంటే కాంట ఏం చెప్పలే.

కాజీపేట_జంక్షన్
అవ్వా 🙏

మేడారం_బెల్లం
మా గురుబాయిలల్ల (ఒకే గురువు చేలాలు) ఇద్దరికి తుంటి ఇరిగింది. మేము అందరం "వయసు" అనుకున్నం. వాళ్లకు యాభై గూడ లేవు.

నైట్_డ్యూటీ
అవ్వ చెప్పింది అందరు చదవాలె. వృషణాలు తీసేసినంక హార్మోన్లు మానేసినోళ్లకు, ఏండ్ల తరబడి సక్కగ వాడనోళ్లకు డెక్సా తీయాలనే గైడ్‌లైన్లు చెప్తయ్. ఆపరేషన్ అయింది గదా ఇంక గోలీలెందుకు అని ఆపేసేటోళ్లను నేను చాన మందిని చూసిన.

ల్యాబ్_అన్న
డెక్సా మాట వచ్చింది గాబట్టి చెప్త, గదే మిషన్ తోని మొత్తం ఒంటి కొవ్వు గూడ తీస్తరు. అది రెండు రకాల ఎక్స్‌రే పంపి బొక్క, కొవ్వు, కండ వేరు చేసి చూస్తది, కాళ్ల కరెంటు లెక్క ఆడ మగ ఫార్ములా మీద నడవది. కాని ఏడాదికి ఒకసారికి మించి అవసరం లేదు, ధర గూడ తక్కువేం కాదు.

పేరొద్దు_ఊరొద్దు
ఎప్పుడూ రాయని దాన్ని, అవ్వను చూసి రాస్తున్న. నేను డాక్టర్ దగ్గరికి పోలే, పైసలు లేకుండె, సిగ్గు ఉండె. మెడికల్ షాపుల పిల్లలు పుట్టకుండ ఏసుకునే గోలీలు దొరుకుతయ్ గదా, అవే ఈస్ట్రోజెన్ అని ఒక అక్క చెప్పింది. ఒకటి ఏసుకుంటే లాభం లేదని మూడు నాలుగు ఏసుకున్న, ఏడాదిన్నర. నేను గూడ రోజూ కొలతలు రాసుకునేదాన్ని, ఛాతీ ఎంత, పిరుదులు ఎంత. ఒకనాడు కుడి పిక్క గట్టివడ్డది, వేడిగున్నది, ఎడమదాని కంటె లావైంది. మోటుగ నడిచిన అనుకొని జండుబామ్ రాసిన. టేప్ తోని గూడ కొలిచిన, 4 సెంటీమీటర్లు తేడా, దాన్ని గూడ నోట్‌బుక్కుల రాసుకున్న, మంచి మార్పు అనుకొని. నవ్వకున్రి. రెండు రోజులకు దమ్ము ఆడలే. కాలు నరంల రక్తం గడ్డ, అండ్లకెంచి ముక్క ఊపిరితిత్తికి పోయింది. అదృష్టం ఉండి బతికిన.

నైట్_డ్యూటీ
ఎవరూ నవ్వరు చెల్లె. ఆ గోలీలల్ల చానవరకు ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్, ట్రాన్స్ వాళ్ల వైద్యంల దాన్ని వాడొద్దనే చెప్తరు, గడ్డల భయం ఎక్కువ. డాక్టర్లు రాసేది వేరే ఈస్ట్రడయాల్. సిగరెట్ తోడైతే ఇంకా పాడు. ఒక్క కాలే వాచుడు, ఛాతీల నొప్పి, దమ్ము అందకపోవుడు ఉంటే ఆగకుండ ఎమర్జెన్సీకి పోవాలె, ఏం గోలీలు మింగిన్రో దాయకుండ చెప్పాలె. మాకు మీ కథ అక్కర్లే, గోలీ పేరు కావాలె.

ఉప్పు_తక్కువ
నాది గూడ ఒకటి వేసుకోండ్రి. నేను స్పైరోనోలాక్టోన్ మీద ఉన్న, మగ హార్మోన్ ఆపేటందుకు. అది అసలు బీపీ, నీళ్ల గోలీ, ఒంట్ల పొటాషియం పెంచుతది. మా నాయినకు బీపీ అని ఇంట్ల తక్కువ సోడియం ఉప్పు తెచ్చిన్రు, అందరం అదే తిన్నం. దాంట్ల సోడియం తగ్గించి పొటాషియం కలుపుతరని నాకేం ఎరుక. ఎండకాలం, రోజూ రెండు కొబ్బరి బోండాలు వేరే. పొటాషియం 5.9 వచ్చింది, గుండె దడదడ. ఆ ఉప్పు ప్యాకెట్ ఎన్క చిన్న అక్షరాలల్ల రాసే ఉన్నది, డాక్టర్‌ని అడుగున్రి అని.

వడ్డేపల్లి_కట్ట
నేను గూడ అదే గోలీ!! ఉప్పు ప్యాకెట్ చూసొస్త ఆగున్రి

వడ్డేపల్లి_కట్ట
మామూలు ఉప్పే. బతికిన.

ల్యాబ్_అన్న
స్పైరో వాడేటోళ్లు పొటాషియం తోని క్రియాటినిన్ (కిడ్నీ సంగతి చెప్పే రక్తం పరీక్ష) గూడ చూపించుకోవాలె. అండ్ల గూడ గీ ఆడ మగ కిరికిరి ఉన్నది. కిడ్నీ ఎంత పని చేస్తుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె క్రియాటినిన్ నుంచి లెక్క కడుతరు. క్రియాటినిన్ 1.0, వయసు 27 అనుకో, 2021 ఫార్ములాల మగ అంటే సుమారు 106, ఆడ అంటే 79. గదే రక్తం, గదే కిడ్నీ. క్రియాటినిన్ కండ నుంచి వస్తది గాబట్టి గీ తేడా. ఒక రిపోర్టు మేల్ అని, ఇంకోటి ఫిమేల్ అని తీసి రెండు పక్కపక్కన పెట్టుకుంటే "నా కిడ్నీ పోయింది" అని ఏడుస్తరు. నేను చూసిన. అందుకే ఒకే ల్యాబ్, ఒకే పేరు, ఒకే బటన్. డౌట్ ఉంటే రెండు లెక్కలల్ల చూసి చెప్పమని డాక్టర్‌ని అడుగున్రి.

జొన్నరొట్టె_జయ
ఇగ నేనే ఓడిపోయిన. మిషన్ వద్దు గాని రక్తం పరీక్ష కావాలె. ఏడాదికొకటి చేపిస్తున్న, అది చాలా?

నైట్_డ్యూటీ
మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండు. ఈస్ట్రడయాల్ 100 నుంచి 200 పీకోగ్రాములు, టెస్టోస్టిరాన్ 50 నానోగ్రాముల కింద, అదీ గైడ్‌లైన్ లెక్క. ఎక్కువుంటే ఎక్కువ ఆడతనం రాదు, లొల్లి వస్తది. షుగర్, కొలెస్ట్రాల్ గూడ మరువకున్రి. టీ మీద ఉన్నోళ్లకు మంచి కొలెస్ట్రాల్ తగ్గుతది.

డబల్_సొరకాయ
ఇవన్నిటికి పైసలు ఎవరు ఇస్తరు

మేడారం_బెల్లం
హైదరాబాద్ నారాయణగూడల 2021ల మిత్ర్ అని ట్రాన్స్ వాళ్ల కోసం క్లినిక్ తెరిచిన్రు. 2025ల అమెరికా పైసలు ఆగి మూతవడ్డది, తర్వాత సబ్‌రంగ్ అనే పేరుతోని మళ్ల నడుస్తున్నది. ఉస్మానియాల గూడ ట్రాన్స్ క్లినిక్ ఉన్నది. పొద్దున కాజీపేటల బండెక్కితే మధ్యాహ్నం లోపల పని అయితది. ఆయుష్మాన్ టీజీ ప్లస్ అని ఏడాదికి 5 లక్షల కార్డు 2022ల ప్రకటించిన్రు, దానికి కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ కావాలె. సర్టిఫికెట్ ఉంటే ఆధార్ మార్చుడు గూడ సులువు. నీ ఎర్ర ఎల్ అక్కడ్నే పోతది చెల్లె.

కుట్టు_మిషన్
ఇంత సేపు చదివిన, ఒక మాట. నేను దర్జీ పని చేస్త, హన్మకొండనే, నా దగ్గరికి వచ్చే ట్రాన్స్ అక్కల కొలతలు ఏడేండ్ల సంది ఒకే నోట్‌బుక్కుల ఉన్నయ్. ఒకామెది చెప్త, పేరు లేకుండ. మొదటి జాకెట్‌కు ఛాతీ 36, నడుము 34, పిరుదులు 36. మూడో ఏడాది బతుకమ్మకు ఛాతీ 38, నడుము 34, పిరుదులు 39న్నర. బరువు ఏం పెరగలే అని ఆమెనే చెప్పింది. భుజం మాత్రం అంగుళం గూడ మారలే, బొక్క గదా. ఆమెకు ఆ పేజీ చూపెడితే జరసేపు మాట్లాడలే, తర్వాత ఫోన్ల ఫొటో తీసుకొని పోయింది.

టేప్ అడ్డదిడ్డం పెట్టకున్రి. నడుముకు బొడ్డు కాడ, ఊపిరి ఇడిచినంక. పిరుదులకు అన్నింటి కంటె లావున్న కాడ, పాదాలు దగ్గరికి పెట్టి. టేప్ ఒంటికి తాకాలె, గుంజొద్దు. నెలకొకసారి.

జొన్నరొట్టె_జయ
@కుట్టు_మిషన్ నా పాత జాకెట్ మాట నిజమైంది చూసినవా!

వడ్డేపల్లి_కట్ట
మూడు వారాలైంది, అప్‌డేట్. ఫెర్రిటిన్ 96. ఐరన్ ఆపమన్నరు. కడుపు మళ్ల మనిషి కడుపైంది. హైదరాబాద్ డాక్టరు రిపోర్టు మీద పెన్ను తోని ఎర్ర ఎల్ కొట్టేసి పక్కన "నార్మల్" అని రాసింది, ఆ కాగితం ల్యామినేషన్ చేపిద్దామనుకుంటున్న. పొటాషియం 4.3.

మిషన్ల ఆడ అని పెట్టిన, కొవ్వు శాతం కనవడకుండ యాప్‌ల దాచిపెట్టిన, బరువు ఒక్కటే కనవడ్తది, ఆదివారం ఆదివారం. నడుము 83.

సర్టిఫికెట్‌కు అప్లై చేసిన. ఇంట్ల ఇంకా అందరికి చెప్పలే గాని అమ్మకు ఎరుకే. నిన్న ఆమె మిషన్ ఎక్కింది, సాక్సులతోని ఎక్కితే ఎర్రర్ వచ్చింది, ఇప్పి ఎక్కితే కొవ్వు 39 అన్నది. "నీ మిషన్ ఉత్త అబద్ధాల కోరు" అన్నది. ఇప్పుడు సకినాల పిండి తూస్తున్నది దాని మీద. యాప్‌ల "కొత్త సభ్యుడు, 6 కిలోలు, ఆడనా మగనా" అని అడుగుతున్నది.

కాజీపేట_జంక్షన్
సకినాలు అయినంక జంక్షన్‌కు ఓ డబ్బా పంపు, నా కాంట మీద నేను తూసుకుంట.

డబల్_సొరకాయ
@కుట్టు_మిషన్ ఆ టేప్ ఎక్కడ దొరుకుతది? సెంటీమీటర్లు గూడ ఉండాలె.

కుట్టు_మిషన్
బటన్లు, దారాలు అమ్మే ఏ దుకాణంల అయినా. బట్టది కొనకు, సాగుతది.